డోర్నకల్ సారు పట్టు

మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర వాయిద్యాలమ్మే దుకాణంలో ఒక అమ్మాయి నాకు తీగలు మీటే పిక్ పట్టుకోవడం నేర్పబోయింది. నా మనవరాలి వయసుంటుంది. తప్పు ఆ పిల్లది కాదు. నేనే గాజు బల్ల మీద పరిచిన పిక్కులన్నీ ఒక్కొక్కటే తీసి, అక్కడున్న మాండొలిన్ మీద మీటి చూస్తూ నిలబడ్డాను. పల్చటిది గలగలమంటుంది. మందంది గుమ్మంటుంది. మధ్యరకం ఎటూ కాకుండా పోతుంది. నాకు మందందే కావాలి. ఆ పిల్ల నా చేతి వంక చూసీ చూసీ ఉండబట్టలేక, "ఆంటీ, అట్ల కాదు. థంబ్ మీద రావాలె. యూట్యూబ్‌ల మస్తు వీడియోలు ఉన్నయి, చూపియ్యాల్నా?" అన్నది.

నేను పిక్‌ను చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికిస్తాను. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకొని ఉంటుంది. యాభై ఏళ్లుగా ఇంతే.

"వద్దు బిడ్డా. ఇది తప్పని నాకు తెలుసు" అన్నాను.

"తెలిసి గూడ అట్లనే పడ్తరా?"

"తెలిసే పడ్త."

పాపం, ఆ మందం పిక్ కవర్లో వేసి ఇచ్చింది. ఆటోలో కూర్చున్నాక నాకు ఒక ఎండాకాలం గుర్తుకొచ్చింది. అది వానాకాలంలోకి జారి, వినాయక చవితి దాకా సాగిన ఎండాకాలం. అప్పటికి నాకు పదమూడేళ్లు.

అప్పుడు మాది వరంగల్ బట్టల బజారులో కింద మడిగె, పైన ఇల్లు. దుకాణాన్ని మా దిక్కు మడిగె అంటాం. మెట్లు దిగుతుంటేనే కొత్త తాన్ల గంజి వాసన వచ్చేది. మార్కెట్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే మిర్చి ఘాటుకు బజారు బజారంతా ఒక్కసారే తుమ్మేది. తుమ్ముతూనే బేరాలు చేసేవాళ్లు. మధ్యాహ్నం నాలుగింటికి పైన మా బాపమ్మ సర్వపిండి పెట్టేది. బాపమ్మ అంటే బాపు వాళ్లమ్మ. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, గంజు గిన్నె లోపలి గోడకు తడిచేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, సన్నటి మంట మీద మూత వేసేది. ఆ మాడే వాసన కిందికి దిగేసరికి బాపు గద్దె మీద నుంచి పైకి చూసేవాడు. ఆ బజారు పేరు ఇప్పటికీ ఉంది. ఆ గద్దెలు, ఆ గజం బద్దలు మాత్రం లేవు.

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ నోటితో నేర్పేవాళ్లు కాదు. బాపు తాను అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి సర్రున చింపేవాడు. గీత గీసినట్టు చినిగేది. ఎట్లా అని అడిగితే ఇంకో గజం చింపి చూపేవాడు, అంతే. బాపమ్మను సర్వపిండిలో నీళ్లెన్ని పోయాలని అడిగితే కసురుకునేది.

"నోరు ఎన్నైన చెప్తదే. చెయ్యి చూడు."

ఈ ఒక్క మాటే నా కొంప ముంచింది. లేకపోతే నిలబెట్టింది. ఏదనుకున్నా సరే.

మా బజారు భజన మండలికి డోలక్ ఉంది, హార్మోనియం ఉంది, తాళాలకైతే లెక్కే లేదు. మాండొలిన్ ఒకటి ఉంటే పక్క బజారు మండలి నోరు మూతపడుతుందని పెద్దలందరికీ ఒక ఆశ. ఆ వాయిద్యం బాపు కొన్నాడు. నేర్చుకోవడం మా అన్న వంతైంది. నేర్పడానికి వారానికి రెండు రోజులు, గురువారం, ఆదివారం, ప్యాసింజరు బండిలో డోర్నకల్ నుంచి ఒక సారు వచ్చేవాడు. రైల్వేలో పనిచేసి మధ్యలో మానేసిన మనిషి. బజారులో అందరూ ఆయన్ను డోర్నకల్ సారు అనేవాళ్లు. నాకు తెలిసి ఆయన్ను ఇంకో పేరుతో పిలిచినవాళ్లు లేరు.

సారు జేబులో ఒక నశ్యం డబ్బా ఉండేది. అందులో నశ్యం ఉండేది కాదు, పిక్కులుండేవి. వాటిని ఆయన ముక్కలు అనేవాడు. బర్రెకొమ్ముది ఒకటి, కొబ్బరిచిప్ప అరగదీసినవి రెండు, ప్లాస్టిక్‌వి కొన్ని. చాప మీద రుమాలు పరిచి వాటిని వరుసగా పెట్టి, ఒక్కొక్కటీ ముందుపంటికి తట్టి చెవి ఒగ్గి వినేవాడు. "భజనల తాళాల నడుమ ఇనవడాలంటె మందం ముక్క వట్టాలె. పల్చటి ముక్కతోని నువ్వొక్కనివే ఇనుకుంట కూసోవాలె" అనేవాడు అన్నతో. ఇంకోటి కూడా చెప్పేవాడు. "గట్టిగ పిసుకకు. పట్టీ పట్టనట్టు పట్టు. బొటనవేలు మీద, చూపుడువేలు కింద."

నేను చాయ్ పట్టుకొచ్చి వంటింటి గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. నోరు ఒకటి చెప్తోంది, చెయ్యి ఒకటి చేస్తోంది. సారు ముక్క రెండు వేళ్ల నడుమ ఉంది. బొటనవేలు ఎక్కడా లేదు, లోపలికి ముడుచుకొని ఉంది. దానికి ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డపట్టీ చుట్టి ఉండేది. చెమటకు కట్టుకుంటాడని మేమంతా అనుకున్నాం. ఇంకేం, నేను తేల్చేసుకున్నాను. అన్నకు చెప్పేది పిల్లల పద్ధతి, తాను చేసేది అసలు పద్ధతి. బాపమ్మ ఉత్తగనే అంటుందా మరి?

అన్నకు తీగలు కోసి వేళ్లు నొప్పులు. సారు రైలెక్కగానే మాండొలిన్ మేకుకు తగిలించి కోట దిక్కు క్రికెట్‌కు ఉరికేవాడు. బాపమ్మ అన్నం తిని నడుం వాల్చేది. అమ్మ వెనకింట్లో బియ్యం చెరుగుతూ ఉండేది. అప్పుడు నేను మేకు మీది నుంచి దాన్ని దించి, చప్పుడు బయటికి పోకుండా కింద చద్దరు మడిచి పెట్టుకొని కూర్చునేదాన్ని. సారు చెయ్యి కళ్లలో ఉండేది. అది ఎట్లా కదిలితే నాదీ అట్లా కదలాలి. ఆ ఒక్కటే నా పాఠం.

అయితే ముక్క ఎక్కడిది? సారు డబ్బా సారు జేబులో పోయేది. దువ్వెన కొస విరిచాను, అది రెండో పాటకే తీగలో ఇరుక్కొని విరిగింది. పౌడరు డబ్బా మూత కత్తిరిస్తే అంచు గీరి వేలు తెగింది. కొబ్బరిచిప్పను పెరట్లో బండ మీద రెండు రోజులు అరగదీశాను. చేతుల తోలు పోయింది గాని చిప్ప చిప్పగానే ఉంది. అప్పుడు మడిగెలో కొత్తగా దిగిన రెడీమేడ్ చొక్కాల మీద నా కన్ను పడింది. వాటి కాలర్ల లోపల వంగకుండా ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. ఒక కొస గుండ్రం, ఒక కొస సూది. మందం సరిగ్గా సరిపోయింది. పంటికి తట్టి చూశాను. సారు ముక్కలా టక్కుమంది. నా సంబరం ఎంతని చెప్పను!

ఒకటి వాడితే అరిగేది, ఇంకోటి తీసేదాన్ని. చొక్కా డబ్బా మళ్లీ ఎప్పటిలాగే మూసిపెట్టేదాన్ని. అట్లా ఎన్ని చొక్కాల మెడలు విరిచానో నాకే తెలియదు.

తొలకరి పడ్డ వారంలో నర్సంపేట నుంచి ఒక రైతు వచ్చి మడిగె ముందు నిలబడ్డాడు. చేతిలో మా చొక్కా.

"సావుకారీ, గిదేం అంగి? కాలరు కుక్కచెవులోలె ఏలాడ్తాంది. లగ్గంల అందరు పెండ్లి పిల్లగాన్ని ఇడిచిపెట్టి నన్నే చూసిన్రు."

బాపు డబ్బాలన్నీ విప్పించాడు. సగం చొక్కాలకు మెడల్లో ఏమీ లేదు. ఎలుకలు కాలర్ కొరక్కుండా లోపలి పట్టీ మాత్రమే తినవు కదా. అన్ననూ నన్నూ కిందికి పిలిచాడు. అన్న మొదటే "నేను గాదు" అన్నాడు. నన్ను అడగకముందే నేనన్నాను, "నేనే తీసిన."

"ఎందుకు?"

నోటితో చెప్పే అలవాటు మా ఇంట్లో లేదని చెప్పాను కదా. పైకి పోయి మాండొలిన్ తెచ్చి, ఆ రైతు ముందే గద్దె మీద కూర్చొని, సారు అన్నకు నేర్పుతున్న భజన పాట మొత్తం వాయించాను. అన్న అప్పటికి దాని పల్లవి దాటలేదు. భయం లేదంటే అబద్ధమే. కాని దొంగనంటే ఊరుకోను. నేను తీసింది వాయించడానికే.

రైతే ముందు నోరు విప్పాడు. "బిడ్డ మంచిగ కొడ్తాంది గద సావుకారీ. సరే తియ్యి, ఇంకో అంగి ఇయ్యి, మెడ ఉన్నది." ఇంతలో చప్పుడుకు లేచి బాపమ్మ మెట్లు దిగింది. నా వేళ్లు చూసింది. "ఏందే గది, బీడీ వట్టినట్టు వట్టినవ్! ఆడివిల్ల చేతిల గట్లుంటదా? నలుగురు చూస్తె ఏమనుకుంటరే!" అని నెత్తి కొట్టుకుంది. దొంగతనం సంగతి ఎవరికీ పట్టలేదు, బీడీ సంగతే మిగిలింది.

గురువారం సారు రాగానే బాపు చెప్పాడు. "సారూ, పిలగానికి ఇది అచ్చేటట్టు లేదు. బిడ్డకు చెప్పున్రి."

సారు నన్ను వాయించమన్నాడు. నేను కాలర్ పట్టీ రెండు వేళ్ల నడుమ పెట్టి, బొటనవేలు ముడిచి మొదలుపెట్టాను. ఆయన మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన ముఖం వాడిపోయింది. బాపు కిందికి పోయాక కుడిచేతి గుడ్డపట్టీ విప్పి నా ముందు పెట్టాడు. బొటనవేలు సగమే ఉంది. పై కణుపు లేదు.

"షంటింగుల రైలు డబ్బాలకు కప్లింగ్ ఏస్తాంటె బఫర్ల నడుమ వడ్డది బిడ్డా. నేను ఇట్ల పట్టేది పద్ధతి గాదు, నా గతి. నీకు దేవుడు వేలు సక్కగ ఇచ్చిండు గద. నా అవిటితనం నీకెందుకు?"

ఆయనే మళ్లీ అన్నాడు, "ఈ వేలు ముచ్చట బయట చెప్పకు. వేలు లేనోడు తీగ ఏం నేర్పుతడంటరు. ఇంతకుముందు రెండిండ్లు గట్లనే పోయినయి."

చెప్పనని ఒట్టు పెట్టాను. ఆ రోజు నుంచి బొటనవేలితో పట్టడం నేర్చుకోమన్నాడు. నేర్చుకున్నాను కూడా. పదిహేను రోజులు నిజాయితీగా ప్రయత్నించాను. చెయ్యి తేలికైంది, వేగం పెరిగింది, అన్నీ నిజమే. కాని నేను గడప దగ్గర నిలబడి విన్న ఆ కొంచెం బొంగురు గొంతు, తీగను తట్టి కాకుండా తోసినట్టు వచ్చే ఆ మోత, పోయింది. ఎవరిదో వాయిద్యం ఎవరో వాయిస్తున్నట్టు ఉండేది. పదహారో రోజు మళ్లీ పాత పట్టుకే వచ్చాను.

"మల్లేంది గిది?" అన్నాడు సారు ఆదివారం రాగానే.

"నాకు మీ సౌండే కావాలె సారూ."

"అది సౌండు గాదు, లోపం."

"ఏదైతేంది, నాకదే కావాలె."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను, పుట్టుక నుంచీ. సారు నశ్యం డబ్బా తీసి, బర్రెకొమ్ము ముక్క నా చేతిలో పెట్టాడు. "రెండు వేళ్ల నడుమ పట్టేటోళ్లకు కాలర్ పట్టి ఆగది, జారుతది. దీనికి నడుమ రెండు గీతలు కోసిన, చూడు. గవ్వే ఆపుతయి" అన్నాడు. వద్దని మళ్లీ అనలేదు.

శ్రావణంలో హన్మకొండలో ఒక హాలులో పిల్లల సంగీత పోటీ పెట్టారు. అప్పటికే మా కులపెద్దలు బాపుతో గొణుగుతున్నారు. ఆడపిల్ల పెద్దదవుతోంది, ఈ తీగల పని ఇంకెన్నాళ్లని. బాపు రెండు దిక్కులా నలిగిపోయి ఒక తీర్పు చెప్పాడు. "పోటీల పేరొస్తే ఈసారి గణపతి కాడ భజనల కూసో. ఎవ్వలేమన్న నేను చూసుకుంట. రాకుంటే మాండొలిన్ అటక మీదికి పోతది." నాకు అంతకంటే ఏం కావాలి? నా బతుకంతా ఆ ఒక్క మధ్యాహ్నం మీద పడిందని నాకు తెలుసు.

హాలులో ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. ముందు వరుసలో పట్టుజుబ్బా వేసుకున్న విద్వాంసుడు, హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. ఆయన ముందు ఒక బల్ల, బల్ల మీద ఒక గంట. నేను కూర్చొని పల్లవి అందుకున్నానో లేదో టింగుమని గంట కొట్టాడు.

"ఆగమ్మా, ఆగు. ఏమిటా పట్టు? సిగరెట్టా?"

జనం నవ్వారు. బాపు తల వంచుకున్నాడు.

"బొటనవేలితో పట్టుకో. మళ్లీ మొదటి నుంచి వాయించు. నీకు మంచి చెయ్యి ఉంది. సరిగ్గా పట్టుకున్నావంటే నేనే మార్కులు వేస్తాను" అన్నాడు ఆయన. చెడ్డమనిషి కాదు. నిజంగానే ఒక దారి ఇచ్చాడు. నాకు బొటనవేలితో ఆ పాట వచ్చు. పదిహేను రోజులు వాయించిందే. వేలు కొంచెం జరిపితే చాలు, గణపతి దగ్గర కూర్చోవచ్చు.

"ఇట్లనే వాయిస్త సార్" అన్నాను.

"ఎవరు నేర్పారమ్మా నీకీ పట్టు?"

డోర్నకల్ సారు చివరి వరుసలో ఉన్నాడు. అంత దూరం నుంచి నాకు ఆయన ముఖం కనబడలేదు. మోకాలి మీద పెట్టుకున్న కుడిచెయ్యి, దాని తెల్ల గుడ్డపట్టీ మాత్రం కనబడ్డాయి. ఆయన మాట ఎత్తితే అందరి తలలూ ఆ చెయ్యి వైపు తిరుగుతాయి. ఒట్టు పెట్టాను కదా.

"ఎవ్వలు నేర్పలే. నేనే నేర్చుకున్న."

"అందుకే గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు" అని ఆయన జనం వైపు తిరిగి చెప్పాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. పల్లవి మళ్లీ ఎత్తుకున్నాను, ఆ పట్టుతోనే. ఆయన గంట కొట్టాడు. ఆపలేదు. మళ్లీ కొట్టాడు. ఆపలేదు. ఎవరో మైకు కట్ చేశారు. మైకు లేకుండానే చివరి చరణం దాకా వాయించి, దండం పెట్టి, లేచాను. ముందు రెండు వరుసలకు తప్ప ఎవరికీ వినబడి ఉండదు.

పేరు రాలేదని వేరే చెప్పాలా? రిక్షా ములుగు రోడ్డు దాటాక బాపు అడిగాడు.

"బొటనవేలు పెట్టి వాయిస్తె ఏమయితుండె?"

"అది నా పాట కాకపోతుండె బాపూ."

"నేను చెప్పింది యాదున్నదా?"

"ఉన్నది. అటక మీద పెట్టు. నిచ్చెన ఎక్కుడు నాకు గూడ వచ్చు."

ఇంట్లో బాపమ్మ గొడవంతా విన్నది. బీడీ పట్టని తిట్టిన బాపమ్మే కదా, ఇక మాండొలిన్ పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం ఒక్క దగ్గరే ఆగిపోయింది. "పిల్ల పాట సగంల ఆపుమన్నడా? పాట సగంల ఆపుడేందిరా, అన్నం కాడ కూసున్నదాన్ని చెయ్యివట్టి లేపినట్టు!" అని బాపు మీద పడింది. "గణపతి కాడ ఇది వాయించాల్సిందే. బీడీ వట్టినట్టు పట్టనీ, చుట్ట వట్టినట్టు పట్టనీ. నీ అయ్య నా ముంగట నలభై ఏండ్లు బీడీ తాగిండు, ఎవ్వడన్న గంట కొట్టి ఆపిండా?"

బాపుకు నవ్వాగలేదు. మాండొలిన్ మేకుకే ఉండిపోయింది.

ఆదివారం సారు వచ్చాడు. నేను ఎగిరి గంతేస్తూ చాయ్ తీసుకొచ్చాను. నేను ఆయన రహస్యం కాపాడానని నాకు గొప్ప. సారు చాయ్ ముట్టలేదు.

"ఎవ్వలు నేర్పలే అన్నవ్" అన్నాడు.

"మీ మాట చెప్తే వేలు సంగతి అడుగుతరు గద సారూ. మీరే చెప్పొద్దన్నరు..."

"వేలు దాయమన్న బిడ్డా. నన్ను దాయమన్ననా?"

నేను ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. గుడ్డపట్టీ విప్పి, మడిచి, నశ్యం డబ్బాలో ముక్కల కింద పెట్టి మూత వేశాడు. "తప్పు నాదే తియ్యి. ఈ వేలు డోర్నకల్ల బండ్ల నడుమ పోయింది. దొంగతనంల పోలే, దాసుకునేటందుకు" అన్నాడు. ఆ రోజు స్టేషన్ దాకా ఒట్టి చేత్తోనే బజారు మధ్యలోంచి నడిచిపోయాడు. మళ్లీ ఆ పట్టీ ఆయన చేతికి నేను చూడలేదు. ఒక ఇంటివాళ్లు పిల్లవాడిని మాన్పించారు. మిగిలినవాళ్లు మాన్పించలేదు.

వినాయక చవితికి బజారు మధ్య పందిరి వేశారు. తడి మట్టి వాసన, పత్రి వాసన, పెద్ద గంపల్లో ఉడికిన శనగగుడాల వాసన. దీపాలు పెట్టే వేళకు నేను భజన మండలి వరుసలో కూర్చున్నాను, పక్కన సారు. కులపెద్దల్లో ఇద్దరు లేచిపోయారు. బాపమ్మ వాళ్ల ఖాళీ చోట్లోకి జరిగి కాళ్లు చాపుకొని కూర్చుంది. మైకు పట్టుకున్న బజారు అన్న ఒకాయన ముచ్చటగా అడిగాడు. "మంచిగ వాయిస్తానవ్ చెల్లే. ఎవరి కాడ నేర్చుకున్నవ్?"

"డోర్నకల్ సారు కాడ. ఈ పట్టు గూడ సారుదే" అన్నాను, మైకులోకి వంగి మరీ.

సారు నా వైపు తిరగలేదు. "రెండో తీగ దిగింది. జర ఎక్కియ్యి" అన్నాడు మెల్లగా.

లెక్క తీరిందనే అనుకున్నాను. ఏళ్లతరబడి అట్లాగే అనుకున్నాను. నాకు పెళ్లయింది, వరంగల్లోనే. సారు రావడం తగ్గి, మానేశాడు. ఆయన పోయాడని కార్డు అందేసరికి దినాలు కూడా అయిపోయాయి. బాపూ నేనూ ప్యాసింజరెక్కి డోర్నకల్ పోయాం. లైన్ల పక్కన రెండు గదుల ఇల్లు. సారు భార్యను నేను అదే మొదటిసారి చూడటం. ఆమె నా ముఖం వంక కాదు, నా కుడిచేతి వంక చూసింది.

"నువ్వేనా బిడ్డా, మా ఆయన లెక్క పట్టేది?"

అవునన్నాను.

"నిన్ను నేను చూసిన. హన్మకొండ పోటీకి నేను గూడ అచ్చిన గదా" అంటూ ఆమె చాయ్ గ్లాసులు కడుగుతోంది. "వరంగల్ల ఒక పిల్ల అచ్చం నా లెక్కనే వాయిస్తది, నువ్వొచ్చి చూడాలె అని నెల రోజులు పానం తీసిండు. లగ్గం చీర కట్టుకొని అచ్చిన. ఎన్క వరుసల కూసున్నం. ఆ జుబ్బాయన ఎవ్వలు నేర్పిన్రని అడగంగనే నన్ను మోచేత్తోని పొడిచిండు. ఇగ చూడు, ఇప్పుడు నా మాట చెప్తది, అని."

ఆమె ముఖంలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. గ్లాసు తుడిచి నా చేతికిచ్చింది. "మంచిగనే వాయించినవ్ బిడ్డా" అన్నది.

"తర్వాత గణపతి కాడ చెప్పిన అమ్మా. అందరి ముంగట, మైకుల చెప్పిన."

"అవునట. ఇంటికొచ్చి చెప్పిండు, మస్తు సంబరపడ్డడు" అన్నది. "నేను ఇనలేగా."

తిరుగు ప్రయాణంలో బాపు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

మా చుట్టాల్లో ఆ పోటీ కథ ఇప్పటికీ నా ధైర్యం కథగానే చెప్పుకుంటారు. గంట కొట్టినా ఆగలేదట, మైకు తీసేసినా లేవలేదట. నిజమే, లేవలేదు. గంటను ఎదిరించడానికి మొండితనం చాలు. అది నాకు పుట్టుకతోనే ఉంది. ఆ పూట ధైర్యంతో చెయ్యాల్సిన పని ఒకటే ఉండింది, నాలుగు మాటలు. అవి నా నోటి దాకా వచ్చాయి, నేను మింగాను. మంచికే మింగాననుకున్నాను. లగ్గం చీర కట్టుకొని, రైలెక్కి, ఆ నాలుగు మాటల కోసమే వచ్చిన మనిషి వినకుండానే తిరిగి పోయింది.

నా దగ్గర పిల్లలు నేర్చుకుంటారు. వాళ్లకు బొటనవేలి పట్టే నేర్పుతాను. వాళ్ల వేళ్లు బాగున్నాయి, వాళ్లకెందుకు ఈ కష్టం? నా పట్టు మంచిదని నేనెప్పుడూ వాదించలేదు. చలికాలం వస్తే మణికట్టు గుంజుతుంది కూడా. అయినా మార్చను. భజనకు పిలిచినా, పెళ్లికి పిలిచినా, అపార్ట్‌మెంటు వాళ్లు గణపతికి పిలిచినా, కూర్చోగానే ముందు చెయ్యెత్తి చూపిస్తాను. ఇది డోర్నకల్ సారు పట్టు, షంటింగులో వేలు పోయిన మనిషి పట్టు, నాకు ఆయన నేర్పాడు అని చెప్తాను. నేర్పలేదు, నేను దొంగచాటుగా చూసి నేర్చుకున్నానని ఎవరైనా తప్పు పట్టొచ్చు. పట్టనివ్వండి. "అమ్మా, అవన్నీ తర్వాత, ముందు పాట అందుకోండి" అని నిర్వాహకులు తొందరపెడతారు. పాట ఎక్కడికీ పోదు, ఆగమంటాను. అడిగినా చెప్తాను, అడగకున్నా చెప్తాను. వినే ఓపిక లేనివాళ్లు లేచిపోవచ్చు.